ఆట అయిపోయిన తరువాత



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి, పిల్లలు చాపలు చుట్టి మూలన పెడుతున్న వేళ, ఒక తల్లి మా దగ్గరకు వచ్చి నిలబడింది. రామచంద్రపురానికి నాలుగు మైళ్ల దూరాన, కాలువ గట్టు మీది పల్లె ఆమెది. కొంగున ఇరవై రూపాయల నోటు మడిచి కట్టుకుని ఉన్నది. అది ఆటో ఛార్జీ. అడగవలసింది అడిగితే గాని ఆటో ఎక్కనని గుమ్మం దగ్గర కూర్చున్నది.

"మాస్టారండీ, మావోడు నలుగుర్నీ నవ్విత్తాడండి. అది పాపమాండి?"

ఆమె కొడుకును మేము ఎరుగుదుము. ఇరవై నాలుగేండ్ల వాడు. క్రిస్మస్ కార్యక్రమంలో గొర్రెల కాపరి వేషం వేసి, తప్పిపోయిన గొర్రెతో మాట్లాడుతూ సంఘమంతటినీ కడుపుబ్బ నవ్వించినవాడు. ఇప్పుడు మిమిక్రీ చేస్తున్నాడు. పెళ్లిళ్లు, పుష్పవతి ఫంక్షన్లు, తీర్థాలు, ఎలక్షన్ల సభలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లి పెద్ద పెద్ద నటుల గొంతులు, నాయకుల గొంతులు పలికించి వస్తాడు. రాత్రికి పదిహేను వందలు, రెండు వేలు ఇస్తారు. అందులో నవ్వేందుకే గాని ఏడ్చేందుకేమున్నది?

"ఆట అయిపోయాక పక్కకి తీసుకెళ్లి పోత్తారండి. పుచ్చుకోపోతే వాళ్లకి కోపవండి. ముందు వారానికోసారి. ఇప్పుడు ఆట లేని రోజునా కావాలంటున్నాడండి."

ఆ పూట ప్రార్థన చేసి పంపించాము. "నవ్వించడం పాపం కాదమ్మా, తాగడం మాన్పించు" అని కూడా చెప్పాము. చెప్పిన తరువాత మాకే సిగ్గువేసింది. ఆ మాట చెప్పించుకోవడానికి ఆమె నాలుగు మైళ్లు రావాలా? అది ఆమెకు తెలియదా? రాత్రి పడుకున్నాక, మన గోదావరి ప్రాంతంలోనే పుట్టి, తెలుగువాళ్లందరినీ నవ్వించి, ఏభై ఏండ్లు నిండకుండానే వెళ్లిపోయిన ఒక మనిషి గుర్తుకువచ్చాడు. ఈ నెల ఆయన సంగతే రాయాలనిపించింది. సినిమా వాళ్ల కథ ఈ పత్రికలో ఎందుకని కొందరు పెద్దలు కనుబొమలు ముడుస్తారు. ముడవనివ్వండి.

మా చిన్నతనంలో మన ఇండ్లలో సినిమా అంటే నరకానికి టిక్కెట్టు. టూరింగ్ టాకీసు డేరా ఊరి చివర వేస్తే, ఆ దారిన బడికి వెళ్లడానికి కూడా భయపడేవాళ్లము. కాని రేడియోను ఎవరు ఆపగలరు? పక్కింటి వారి అరుగు మీద రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం నుండి సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే పూట, గోడకు ఇవతల మన పిల్లలు, అవతల వారి పిల్లలు. అందులో ఒక గొంతు వచ్చిందంటే రెండు వైపులా నవ్వే. ముక్కులోంచి సాగదీసి, ఉన్నట్టుండి పైకి ఎత్తి, మళ్లీ కింద పారేసే గొంతు. బొమ్మ చూడకుండానే ఆ మనిషి ఎలా వంకర్లు తిరుగుతున్నాడో మాకు తెలిసిపోయేది. మా నాన్నగారు కోప్పడడానికి గోడ దగ్గరకు వచ్చి, ఒక నిమిషం నిలబడి, తువ్వాలుతో మూతి కప్పుకుని వెళ్లిపోయిన రోజు మాకింకా జ్ఞాపకమే.

ఆ గొంతు రాజబాబుది.

అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. పుట్టింది రాజమండ్రిలో, అక్టోబరు 20న. కలిగిన కుటుంబమేమీ కాదు. నిడదవోలులో బుర్రకథ నేర్చుకున్నారు. బుర్రకథ చూసిన వారికి ఇది తెలుసు: నడుమ తంబురా పట్టి కథ చెప్పేవాడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. ఒకడు లోకం సంగతులు, రాజకీయాలు ఎత్తుతాడు, రెండోవాడు నవ్విస్తాడు. కథ బరువెక్కి జనం కళ్లు తుడుచుకునే సమయంలో ఆ రెండోవాడు ఒక మాట విసిరి తేలిక చేయాలి. ఎప్పుడు విసరాలో తెలియకపోతే కథా పోతుంది, నవ్వూ పోతుంది. రాజబాబు తరువాత వందల సినిమాలలో చేసింది ఈ పనే అని మాకనిపిస్తుంది.

చదువు ముగించుకుని కొంతకాలం పంతులు ఉద్యోగం చేశారు. మేము కూడా పంతులుగా బ్రతికిన వాళ్లమే గనుక ఇది చదివినప్పుడు ఒక చిన్న గర్వం కలిగింది, దాచుకోము. బడి అయ్యాక నాటకాలు. ఆ నాటకాలలో ఆయనను చూసి, సినిమాలకు పొమ్మని ప్రోత్సహించినవారు గరికపాటి రాజారావుగారు. ప్రజానాట్యమండలి నడిపి, 'పుట్టిల్లు' సినిమా తీసిన డాక్టరుగారు ఆయనే. ఆ మాట పట్టుకుని 1960లో రాజబాబు మద్రాసు రైలెక్కారు.

మద్రాసులో తెలిసినవారు లేరు, చేతిలో డబ్బు లేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి పొట్ట పోసుకున్నారు. ట్యూషను చెప్పిన ఇండ్లలో ఒకటి దర్శకుడు అడ్డాల నారాయణరావుగారి ఇల్లు. ఆయనే 'సమాజం' అనే చిత్రంలో మొదటి వేషం ఇచ్చారు. తరువాత చిన్నచిన్న పాత్రలు. 'స్వర్ణగౌరి'కి 350 రూపాయలు, 1965లో వచ్చిన 'అంతస్తులు'కు 1300 రూపాయలు అందాయని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అయిదేండ్ల ఎదురుచూపుకు పదమూడు వందలు. ఆ ఏడాదే పెళ్లి కూడా అయింది. ఆ ఇల్లాలు మహాకవి శ్రీశ్రీగారికి దగ్గరి బంధువు.

ఆ తరువాత గేటు ఎత్తిన కాలువలాగా వచ్చిపడింది. 1960ల చివర నుండి పది పన్నెండేండ్లపాటు రాజబాబు లేని తెలుగు సినిమాను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొనుగోలుదార్లు ముందు "రాజబాబు ఉన్నాడా?" అని అడిగి గాని సొమ్ము తీసేవారు కాదట. రమాప్రభగారితో ఆయన జంట హీరో హీరోయిన్ల జంటతో సమానం. వాళ్లిద్దరికి ప్రత్యేకంగా పాట పెట్టేవారు. పొద్దున ఒక స్టూడియో, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. అయిదు వందలు పైబడిన చిత్రాలు చేశారని లెక్క. 1972లో దాసరి నారాయణరావుగారు మొదటిసారి దర్శకత్వం చేసిన 'తాత మనవడు'లో ఎస్.వి. రంగారావుగారి పక్కన ముఖ్యపాత్ర ఆయనదే. తండ్రిని నిరాదరించే కొడుకు, ఆ ముసలివాని పక్షాన నిలబడే మనవడు. నవ్వించేవాడు ఏడిపించగలడని ఆ సినిమా చూసినవారు ఒప్పుకున్నారు. మన పల్లెల్లో దాన్ని చూసి వచ్చి, ముసలి తండ్రికి మళ్లీ నడవాలో మంచం వేసిన కొడుకులు ఉన్నారని పెద్దవాళ్లు చెప్పగా విన్నాము. ఎంత నిజమో గాని, వినడానికి బాగుంటుంది.

ఇక్కడి వరకు ఎవరైనా రాస్తారు. మాకు ఆశ్చర్యం కలిగించేది ఆయన పుట్టినరోజు.

పేరు, డబ్బు వచ్చినవాడు పుట్టినరోజున ఏమి చేస్తాడు? తనకు దండలు వేయించుకుంటాడు. రాజబాబు ఆ రోజున తనకంటె ముందు నవ్వించిన పాతతరం నటులను పిలిచి, శాలువా కప్పి, డబ్బు చేతిలో పెట్టి సన్మానం చేసేవారు. తనకు నవ్వించడం నేర్పిన మనిషిగా 'అంజి' అని పిలవబడే బాలకృష్ణ అనే నటుని తలచుకుని, ఆయనను ముందు గౌరవించారు. డాక్టర్ శివరామకృష్ణయ్య, సూర్యకాంతం, రేలంగి, ఇలా ఆ గౌరవం పొందినవారు చాలామంది. అందులో సావిత్రి కూడా ఉన్నారు. ఆ మహానటి తరువాత ఎలాంటి స్థితికి వచ్చి 1981లో కన్నుమూసిందో చదువరులు ఎరుగుదురు. మూతపడిపోతున్న తలుపుల ముందు నిలబడి ఉన్నవారిని ఇతడు లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. రాజమండ్రిలో పారిశుద్ధ్య పనివారికి స్థలం ఇచ్చినది, కోరుకొండలో జూనియర్ కాలేజీ కట్టించినది కూడా ఈయనే. వీధులు ఊడ్చేవారిని పలకరించడానికే జనం వెనుకాడే రోజుల్లో, వారికి ఇంటి స్థలం ఇవ్వాలని ఒక సినిమా హాస్యగాడికి తోచడం చిన్న సంగతి కాదు. ఆ పనివారిలో మన సంఘాలకు చెందిన కుటుంబాలెన్నో ఈ గోదావరి ప్రాంతమంతటా ఉన్నవి గదా.

ఆ ముసలి నటులను పిలిచి కూర్చోబెట్టడంలో ఆయనకొక భయం కూడా ఉండి ఉంటుందని మా ఊహ. ఊహ మాత్రమే. తనకు ముందు నడిచినవారు ఎక్కడ పడ్డారో ఆయనకు బాగా తెలుసు.

కస్తూరి శివరావు పేరు మీ ఇంట్లో తాతగారు ఉంటే అడగండి. కాకినాడ మనిషి, 1913లో పుట్టారు. మూగ సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి, బొమ్మలో జరుగుతున్నదంతా జనానికి గొంతెత్తి చెప్పేవారు. తరువాత తానే తెర ఎక్కారు. 1948లో 'బాలరాజు', 1949లో 'గుణసుందరి కథ'. ఈ రెండవ దానిలో ఆయనే కథానాయకుడు. ఆ రోజుల్లో శివరావు కనబడితే రోడ్డు మీద బండ్లు ఆగిపోయేవి. బ్యూక్ కారు కొన్నారు. 1950లో 'పరమానందయ్య శిష్యులు' అనే చిత్రాన్ని తానే తీసి, తానే దర్శకత్వం వహించారు. అక్కడి నుండి పల్లం. తాగుడు పెరిగింది, వేషాలు తగ్గాయి, కారు పోయింది. ఆ కారు తిరిగిన వీధుల్లోనే కాలినడకన తిరిగి, 1966లో పేదరికంలో చనిపోయారు. అప్పటికి రాజబాబు మద్రాసు వచ్చి ఆరేండ్లు. ఆ చావు ఆయన చెవిన పడకుండా ఉంటుందా?

పద్మనాభంగారి సంగతీ అంతే గదా. సొంతంగా సినిమాలు తీశారు. 1967లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' తీసి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అనే కుర్రవాని చేత మొదటి పాట పాడించింది ఆయనే. తరువాత తీసిన చిత్రాలు దెబ్బతీసి అప్పుల్లోకి నెట్టాయి. 2010లో కన్నుమూసే వరకు ఆ సంపన్నత మళ్లీ చూడలేదు. పక్క రాష్ట్రం వైపు చూస్తే జె.పి. చంద్రబాబు. తూత్తుకుడి నుండి వచ్చిన క్రైస్తవ కుటుంబపు బిడ్డ, పేరులోనే జోసెఫ్ ఉన్నది. తమిళనాడంతా అతని పాటకు ఊగింది. 1966లో సొంతంగా దర్శకత్వం వహించిన చిత్రం కలిసిరాలేదు. తాగుడు తోడైంది. 1974లో చనిపోయేనాటికి ఏభై ఏండ్లు నిండలేదు. గుడికి వెళ్లే కుటుంబంలో పుట్టినంత మాత్రాన ఇది అంటదని అనుకునేవారి కోసం ఆ పేరు రాశాము.

అందరూ ఇలాగే పడిపోలేదు. రేలంగి వెంకట్రామయ్యగారు 1935లో మొదటి సినిమాలో కనిపించి, ఆ పైన పది పన్నెండేండ్లు సి. పుల్లయ్యగారి దగ్గర చెప్పిన పనల్లా చేశారు. వేషం వచ్చినప్పుడు వేషం, లేనప్పుడు ఆఫీసు పని. పేరు వచ్చాక తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టుకున్నారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1975లో చనిపోయారు. నవ్వు తగ్గినా హాలు టిక్కెట్లు తెగుతాయి గదా. మా పల్లెల్లో ముసలివాళ్లు రేలంగి ప్రస్తావన వస్తే ఇప్పటికీ ఆ హాలు సంగతే ముందు చెబుతారు, సినిమాల సంగతి తరువాత.

రాజబాబు హాలు కట్టుకోలేదు. సొంత సంస్థ పెట్టి సినిమాలు తీశారు. 'ఎవరికి వారే యమునా తీరే', 'మనిషి రోడ్డున పడ్డాడు' అని పేర్లు. ఈ రెండవ పేరు ఆయన మెడకే చుట్టుకున్నదని తరువాత జనం అనుకున్నారు. జనానికేం, ఏదైనా అంటారు. తీసిన సొమ్ము తిరిగి రాలేదు. మరో పక్క సినిమాల తీరే మారిపోయింది. హీరోలే కామెడీ కూడా చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు కథలో హాస్యానికి వేరే గది ఉండేది, ఆ గదికి వేరే మనిషి ఉండేవాడు. ఆ గది గోడలు తీసేస్తే ఆ మనిషి ఎక్కడ ఉంటాడు? ఒకప్పుడు రోజుకు మూడు షిఫ్టులు చేసినవానికి నెలకు మూడు రోజులు పని దొరకడం కష్టమైంది. తాగుడు అంతకు ముందే పట్టుకున్నది. రోజంతా ముగ్గురు నిర్మాతల కోసం ఎగిరి గంతులు వేసి అలసిన ఒంటికి అది మొదట మందే. ఆ తరువాత అదే రోగం.

చివరి రోజుల్లో చేయి బిగిసిపోయినా ఇవ్వడం మానలేదని ఆయనను ఎరిగినవారు చెబుతారు. మంచిదే. కాని ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. దానగుణాన్ని పొగిడేటప్పుడు మనం ఇల్లాలిని మరచిపోతాము. అడిగినవానికి లేదనకుండా ఇచ్చిన భర్త ఇంటికి వచ్చాక, రేపటి బియ్యం సంగతి ఎవరు చూసుకున్నారో ఆ లెక్క ఏ పత్రికలోనూ అచ్చు కాదు. 1983 ఫిబ్రవరిలో రాజబాబు చనిపోయారు. ఏభై నిండలేదు. తమ్ముళ్లు చిట్టిబాబు, అనంత్‌బాబు కూడా అదే వృత్తిలో ఉన్నవారు. ఆ పేరు వారి వలన ఇంకొంతకాలం తెర మీద నిలిచింది.

నవ్వించేవాళ్లకే ఎందుకిలా జరుగుతుంది? సామెతలు 14వ అధ్యాయం చదివినవారికి నవ్వు వెనుక ఏముంటుందో కొత్తగా చెప్పనక్కరలేదు. కాని లోపలి దుఃఖం ఒక్కటే కారణమని మేము అనుకోము. పనిలోనే ఒక చిక్కు ఉన్నది. కమ్మరికి కొలిమి ఉంటుంది, రైతుకు చేను ఉంటుంది. ఒక రోజు మనసు బాగుండక పోయినా దుక్కి దున్నవచ్చును. మనసు బాగుండని రోజున నవ్వించడం ఎలాగో చేసి చూడండి. పైగా జనం ఆ మనిషిని ఎక్కడ కనబడినా వదలరు. చావు ఇంటికి వెళ్లినా "ఓ జోకు వెయ్యరా" అంటారు. వైద్యుడు వీధిలో కనబడితే సూది పొడవమని అడుగుతామా? ఎప్పుడూ హుషారుగా ఉండాలి, ఉండలేని రోజున ఆ హుషారు సీసాలోంచి తెచ్చుకోవాలి. ఇంగ్లండులో గ్రిమాల్డి అని రెండు వందల ఏండ్ల కిందట పెద్ద విదూషకుడు ఉండేవాడు. వేదిక మీద దొర్లి దొర్లి ఒళ్లు పాడై, నడివయసుకే నడవలేని స్థితికి వచ్చి, 1837లో చనిపోయాడు. ఊరు, కాలం, భాష వేరు. జనం మాత్రం ఒకటే.

ఆ జనంలో మనమూ ఉన్నాము. ఇది రాయడానికే ఈ నెల కలం పట్టాము.

ఆ తల్లి వెళ్లిన తరువాత మేము విచారించాము. మొన్న వేసవిలో ఆ కుర్రవానికి మొదటిసారి గట్టిగా పోసిన పెళ్లి ఏదో తెలిసింది. అది మన సంఘస్థుల పెళ్లి. పెళ్లి గుడిలో, ప్రార్థనతో, తెల్లని ముసుగుతో జరిగింది. రాత్రి ఇంటి వెనుక కొబ్బరి చెట్ల కింద మగవాళ్లు కూర్చున్నారు. వాడు ఆట ముగించి డబ్బు అడగడానికి వస్తే, "డబ్బులెక్కడికి పోతాయిరా, ముందిది పట్టు" అన్నారు. పట్టుకున్నాడు. మళ్లీ చెయ్యమన్నారు. చేశాడు. ఈసారి తూలుతూ చేసేసరికి మొదటి ఆటకంటె ఎక్కువ నవ్వారట. నవ్వినవారిలో మరుసటి ఆదివారం కానుక పళ్లెం పట్టినవారు ఉన్నారు. పేర్లు రాయము. చదివినప్పుడు వారికే తెలుస్తుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా పాకల మీదికి వెళ్లినప్పుడు మన స్త్రీల సమాజాలు ఎంత సంతోషించాయో మాకు గుర్తు. 1993లో సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ప్రభుత్వం మూసినా తెరచినా, కొబ్బరి చెట్ల కింద గ్లాసు అందించే చేయి మాత్రం మనదే.

కిందటి వారం ఆమె ఇంటికి మేమే వెళ్లాము. ఆటోలోనే. మొదటిసారి చెప్పిన ఒట్టి మాట కాక ఈసారి చేయదగిన సంగతులు నాలుగు చెప్పాము, మీలో అవసరమైనవారు ఉంటే మీకూ పనికివస్తాయి. ఆట ఒప్పుకునేటప్పుడే సగం డబ్బు ముందు పుచ్చుకోవాలి, అది తల్లి పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడాలి. మిగతా సగం ఆటకు ముందే. ఆట ముగిశాక డబ్బు కోసం నిలబడడమే అసలు ప్రమాదం. ఒంటరిగా వెళ్లకూడదు. అన్నం ముందే తినాలి, దిగగానే బండి ఎక్కాలి. ఎవరైనా కోప్పడితే కోప్పడనివ్వాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. రోజూ ఎక్కువగా తాగే అలవాటు పడినవానిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకూడదు. చేతులు వణకడం, ఫిట్సు రావడం, మతి తప్పి కలవరించడం జరుగుతాయి. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే వస్తుంది. ముందు డాక్టరుకు చూపించి, వారు చెప్పిన విధంగా మానాలి. ప్రార్థన చేసేవారు ప్రార్థన చేయండి, ఆసుపత్రికి కూడా తీసుకువెళ్లండి. తాగుడు మానినవారు మరొకరికి తోడుగా కూర్చునే సమావేశాలు ఉన్నవి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరి కష్టం ఒకరు చెప్పుకోవడంతో మొదలైన పని అది. ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటారు. మన దేశంలోనూ చాలా చోట్ల నడుస్తున్నది, డబ్బు అడగరు.

ఇవన్నీ ఆమె విని, "మరి నవ్వించడం మానెయ్యమంటారాండి?" అని మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చింది.

వద్దన్నాము. వాడు మానేస్తే తాగుడు మానుతాడని నమ్మకం లేదు. చేతిలో ఉన్న ఒక్క విద్య పోయిందన్న దిగులుకు మరింత తాగవచ్చు. పోనీ, వాడు ఏ తప్పు చేశాడని?

అంతలో వాడే వచ్చాడు. మమ్మల్ని చూసి ముందు బెదిరాడు. తరువాత కుర్చీ లాగి వేసి, "ఆయ్, కూర్చోండి మాస్టారూ" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నవి. పొద్దున్నే గదా అనుకున్నాము, అడగలేదు. రాజబాబు పేరు ఎత్తితే వానికి తెలియదు. నలభై ఏండ్లు దాటిపోయింది మరి. కాని వెంటనే సెల్‌ఫోను తీసి ఏదో నొక్కాడు. 'తాత మనవడు' దొరికింది. చిన్న తెర మీద ముగ్గురము తలలు దగ్గర పెట్టి చూశాము. మా నాన్నగారు గోడకు ఇవతల నిలబడి విన్న గొంతును, ఇన్నేండ్లకు మేము బొమ్మతో సహా చూశాము. కుర్రవాడు నవ్వలేదు. కళ్లార్పకుండా ఆ చేతులు, ఆ నడుము, ఆ మెడ చూస్తున్నాడు. ఒకచోట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు.

"ఈయన మాటకి ముందు ఓ అరక్షణం ఆగుతున్నాడండి మాస్టారూ. చూసారా? అక్కడండి జనం పడిపోయేది."

లేచి నిలబడి ఆ ముక్క చేసి చూపించాడు. మొదటిసారి కుదరలేదు. రెండోసారి తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"ఈయన తరవాత ఏమయ్యాడండి?" అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాము, పైన మీకు రాసినదంతా. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. కస్తూరి శివరావు కారు పోయిన దగ్గర మాత్రం తలెత్తి తల్లి వైపు చూశాడు.

శుక్రవారం ద్రాక్షారామంలో ప్రోగ్రాం ఉన్నదట. అడ్వాన్సు ఇంకా రాలేదట. తమ్ముణ్ణి బండి మీద తీసుకుని వెళతానని, ఫోను చేసి ముందు డబ్బు అడుగుతానని అన్నాడు. మేము ఇంకా గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగానే, దొడ్లోకి వెళ్లి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. గొంతు కొంచెం వణికింది గాని, డబ్బు మాట మాత్రం ఎత్తాడు.